అందరూ పులిహోరే తెస్తే ఎలా?

సంపాదకుల గారికి,

కార్తీకంలో మన విజయవాడ కాలనీల వారు ఇంటికో వంటకంతో వనభోజనాలకు వెళ్తుంటారు. ఎవరేం తేవాలో ముందే పంచుకోకపోతే ఆరు గిన్నెల పులిహోర వస్తుంది, చారు ఒక్కటీ రాదు. పైగా ప్రతి ఇల్లూ మొత్తం జనానికి వండేస్తుంది. 50 మందికి అన్ని రకాల అన్నాలకూ కలిపి 5-6 కిలోల బియ్యం చాలు. పులిహోరకు అందులో 2 కిలోలు. కిలోకు చింతపండు 100 గ్రాములు. అన్నం వెడల్పాటి పళ్లెంలో ఆరబెట్టాకే పులుసు కలపాలి. వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై కారి, మధ్యాహ్నానికి అన్నం జిగురొస్తుంది. పులుపుకు అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలే మేలు. దద్దోజనంలో పాలు ఎక్కువగా, పెరుగు తోడుకు సరిపడా మాత్రమే వేస్తే తినేవేళకు పుల్లబడదు. అన్నిటికంటే ముందు పాడయ్యేది కొబ్బరి పచ్చడి. మగ్గబెట్టిన గోంగూర నిలుస్తుంది, పైగా అది లేకుండా మనవాళ్లకు ముద్ద దిగదు కదా! వేరుశనగ పడనివాళ్లుంటారు కాబట్టి ఏమేం వేశారో గిన్నెపై చీటీ అంటించాలి. ఇంటిపేరూ రాస్తే గిన్నెల తగువు తప్పుతుంది. మిగిలిన అన్నం ఇళ్లకు పంచడం మాత్రం మానండి. ఎండలో గంటల తరబడి ఉన్నదాన్ని మళ్లీ వేడిచేసినా, అందులో సూక్ష్మజీవుల వల్ల పుట్టిన విషం పోదు.

– కాలనీ వంటల బాధ్యులు, పటమట, విజయవాడ