ఒక పూర్తి పుస్తకం, ఒక నీళ్ల రిపోర్టు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. కనిగిరి వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఏడో తరగతికి పాఠాలు చెబుతుంటాను. అమెరికా బడుల్లో కొన్నేళ్లుగా జరుగుతున్న ఒక మంచి పని మీ దృష్టికి తెచ్చి, రెండు విషయాలు అడగాలని ఈ లేఖ రాస్తున్నాను.

అమెరికా రచయిత్రి లిండా స్యూ పార్క్ 2010లో ‘ఎ లాంగ్ వాక్ టు వాటర్’ అనే చిన్న నవల రాశారు. అందులోని సల్వా అనే అబ్బాయి నిజం మనిషి. 1985లో సూడాన్ అంతర్యుద్ధం వాళ్ల ఊరిమీదకి వచ్చినప్పుడు, పదకొండేళ్ల వయసులో బడిలోంచే అడవిలోకి పరుగెత్తాడు. ఇథియోపియా, కెన్యా శరణార్థి శిబిరాల్లో పెరిగి అమెరికా చేరాడు. చాలా ఏళ్ల తర్వాత తండ్రి బతికే ఉన్నాడని తెలిసి వెళ్తే, ఆయన మురికినీళ్లు తాగి వచ్చిన కడుపు జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తర్వాతే సల్వా 2003లో ఒక సంస్థ పెట్టి, సొంత గడ్డ మీద, అంటే ఇప్పటి దక్షిణ సూడాన్‌లో, బోర్లు వేయించడం మొదలుపెట్టాడు. ఆయన కథ పక్కనే, నీళ్లకోసం రోజూ రెండుసార్లు చెరువుకు నడిచే నయా అనే పిల్ల కథ నడుస్తుంది. నయా కల్పిత పాత్రే అయినా, అలా నడిచే ఆడపిల్లలు అక్కడ ఇంటింటా ఉన్నారు.

ఇది బడిలో చదివిన అమెరికా పిల్లలు ఊరుకోలేదు. కేకులు చేసి అమ్మారు, నీళ్ల డబ్బాలు మోస్తూ నడిచారు, వచ్చిన డబ్బు దక్షిణ సూడాన్‌లో బోర్లకు పంపారు. నవలలో బోరు రిగ్గును ‘ఇనుప జిరాఫీ’ అంటారు. బడులు విరాళాలు పోగుచేసే కార్యక్రమానికి సల్వా సంస్థ ఆ పేరే పెట్టింది.

దానం గురించి ఎంత చెప్పినా ఇంత జరిగేది కాదని నా నమ్మకం. క్లాసంతా కలిసి వారాల తరబడి ఒకే పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివారు కాబట్టి నయా వాళ్లకు సొంత మనిషి అయింది. మనం నవలలోంచి రెండు పేజీలు తీసి పాఠం చేస్తాం, కింద ప్రశ్నలిస్తాం, పరీక్ష అయ్యాక పిల్లలు మర్చిపోతారు. లైబ్రరీ పుస్తకాలు చాలాచోట్ల బీరువా దాటి రావడం లేదు. అందుకే అడుగుతున్నాను: ఏడో తరగతి పిల్లలందరికీ తెలుగులో ఒక పూర్తి పుస్తకం, తలా ఒక కాపీ, చదవడానికి రోజూ ఒక పీరియడ్ ఇవ్వండి. దానికి మార్కులు వద్దు.

రెండోది నీళ్ల సంగతి. తాగునీటిలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బును మన దేశంలో మొదట గుర్తించింది మా ప్రాంతంలోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో. 1937లో డాక్టర్లు ఆ సంగతి రాశారు. పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగిపోయిన నడుములు మా పిల్లలు ఇళ్లలో చూస్తూనే పెరుగుతున్నారు. వాళ్ల చేత చందాలు వసూలు చేయించమని మాత్రం అడగను. మంచినీళ్లు ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత, పిల్లల హుండీ బాధ్యత కాదు. వాళ్లకు కావలసింది లెక్క. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అని మన దేశ తాగునీటి ప్రమాణం చెబుతోంది. మరి బడి కుళాయి నీళ్లలో ఎంత ఉంది? టెస్ట్ చేసిన తేదీతో సహా నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఫీల్డ్ టెస్ట్ కిట్ ఇస్తే మా పిల్లలే సైన్సు పీరియడ్‌లో చూస్తారు, ఎక్కువ వస్తే అధికారులకు వాళ్లే ఉత్తరం రాస్తారు.

వచ్చే జూన్‌లో కొన్ని బడుల్లోనైనా మొదలుపెట్టండి సార్. అందులో మా మండలాన్ని చేర్చండి. పుస్తకం ఎంపిక, పీరియడ్ల సర్దుబాటు మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉపాధ్యాయురాలు