మట్టి నమూనాలు: ఆదివారం ఉదయం 7 గంటలకల్లా

ఆనందపురం రైతు గ్రూపులో అందరికీ నమస్కారం.

ఖరీఫ్‌కి ముందే మట్టి పరీక్ష చేయిద్దాం. ఆదివారం నమూనాలు రామాలయం దగ్గరికి తెచ్చేయండి, సోమవారం ల్యాబ్‌కి పంపేస్తాం.

ఎలా తీయాలంటే: ఎకరంలో అడ్డదిడ్డంగా నడుస్తూ 8-10 చోట్ల 'వి' ఆకారంలో 6 అంగుళాల గుంత తవ్వండి. పక్కగోడని పైనుంచి అడుగుదాకా ఒకే మందాన చెక్కండి. పైమట్టి ఒక్కటే గోకితే లెక్క తప్పొస్తుంది. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగల్చండి. నీడలోనే ఆరబెట్టాలి.

గట్టు పక్కన, చెట్ల కింద, పెంట పోసిన చోట తీయొద్దు. ఎరువుల సంచుల్లో అస్సలు తేవద్దు, అంటుకున్న యూరియా చాలు ఫలితం పాడవడానికి! మెరకకీ పల్లానికీ వేరే సంచులు. చీటీ మీద పేరు, సర్వే నంబరు, వేయబోయే పంట రాయండి.

జీలుగు (పచ్చిరొట్ట ఎరువు కోసం పెంచి పొలంలోనే దున్నేసే మొక్క) విత్తనం కావాల్సినవాళ్లు శుక్రవారంలోగా ఎన్ని ఎకరాలో ఇక్కడే పెట్టండి. ఎకరాకి 10-12 కిలోలు. పూత మొదలవగానే కలియదున్నాలి. కాడ ముదిరితే త్వరగా కుళ్లదు, కుళ్లేటప్పుడు నత్రజనిని సూక్ష్మజీవులే లాగేసుకుంటాయి, తర్వాత వేసిన పైరు పసుపు తిరుగుతుంది.

అన్నట్టు, ఆదివారం వచ్చేటప్పుడు పాత పరీక్ష కార్డు ఉంటే అదీ తెండి.