బట్టీ దగ్గర కలిసిన పెద్దమ్మకు

పోయిన ఆదివారం కడప ఏడురోడ్ల దగ్గర, బిస్కెట్లు కాల్చిచ్చే బట్టీ ముందు నా పక్కన నిలబడిన పెద్దమ్మా, మీ పేరు కూడా అడగలేదు నేను.

మా చెల్లి బాలింత. బాలింతలకు పెట్టే కాయం ముద్ద చూస్తేనే మొహం తిప్పుకుంటోందని రాగిపిండి, నువ్వులు, బెల్లం కలిపి తెచ్చాను. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందని చదివి మురిసిపోయానే తప్ప, జిగురు సంగతి ఆలోచించలేదు. ట్రేలో ఒక్క బిస్కెట్టూ నిలవలేదు, పొడిపొడిగా రాలిపోయింది. వెనక క్యూ, నాకు టెన్షన్.

మీరు చిటికెడు పిండి వేళ్ల మధ్య నలిపి, "రాగికి సాగే గుణం ఉండదు మ్మా" అన్నారు. మీ కోసం తెచ్చుకున్న గోధుమపిండిలోంచే రెండు గుప్పెళ్లు పోశారు. ఇంత నెయ్యి, రెండు చెంచాల పాలు. "శొంఠి వేసినావా?" మర్చిపోయాను! అదీ మీ గిన్నెలోదే. బెల్లం తొందరగా మాడుతుందని, సెగ తగ్గినాక పెట్టమని బట్టీ అబ్బాయికి కూడా మీరే చెప్పారు. డబ్బులిస్తే చేయి వెనక్కి లాక్కున్నారు.

అర్ధరాత్రి బిడ్డకు పాలిచ్చేటప్పుడు డబ్బా మూత చప్పుడు వినిపిస్తోంది. సగం ఖాళీ.

మీ స్టీలు గిన్నె నా దగ్గరే ఉండిపోయింది. వచ్చే ఆదివారం అదే టైముకు తెస్తాను, రండి పెద్దమ్మా.