ఛెత్రీ పునరాగమనం – మన కుర్రాళ్లకు చోటెక్కడ?

సంపాదకులకు నమస్కారం.

2024 జూన్‌లో కువైట్‌తో మ్యాచ్ ఆడి అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కు వీడ్కోలు పలికిన, మన జట్టుకు గోల్స్ అందించిన ఫార్వర్డ్ సునీల్ ఛెత్రీని, 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో, మళ్లీ జాతీయ జట్టులోకి పిలిచిన నాటి నుంచి మా అమలాపురంలో సాయంత్రం ఆట ముగిశాక అభిమానుల మధ్య సాగే వాదనకు అంతు లేకుండా పోయింది. మాల్దీవులపై ఆయన గోల్ చేసిన మాట నిజమే; వారం తిరగకముందే షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌పై మన జట్టు ఒక్క గోల్ కూడా చేయలేకపోయిన మాటా నిజమే. ఇందులో తప్పు ఆయనది కాదని, పిలిచిన కోచ్‌ది కూడా కాదని నా అభిప్రాయం. ఇండియన్ సూపర్ లీగ్ క్లబ్బులు గోల్ కొట్టే స్థానాన్ని ఎక్కువగా విదేశీ ఆటగాళ్లకే అప్పగిస్తూ ఉంటే, మన యువ ఫార్వర్డ్‌లకు ఆ స్థానంలో ఆడిన అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత జట్లను తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ వారు. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ వారు. అంతటి చరిత్ర ఉన్న తెలుగువారి నుంచి నేడు పురుషుల జట్టు ఎంపిక చర్చలో ఒక్క పేరైనా వినిపించకపోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తోంది. కోనసీమలో వరికోతలయ్యాక ఎండిన చేలల్లో ఆడే పిల్లలను చూడటానికి ఎంపికదారులు ఒక్కసారైనా వచ్చేలా, కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఏటా బహిరంగ ఎంపిక పోటీలు నిర్వహించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

– ఒక ఫుట్‌బాల్ అభిమాని, అమలాపురం