పులి దత్తత కిట్లపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: పులి దత్తత కిట్లలో తప్పుడు సమాచారం, సవరణ, డబ్బు వాపసు గురించి.

అయ్యా/అమ్మా,

మీ సంస్థ అమ్మే పులి దత్తత కిట్లు (పులి బొమ్మ, ఫొటో ఉన్న దత్తత పత్రం పెట్టిన పెట్టెలు) కొన్నవాళ్లమంతా కలిసి ఈ ఫిర్యాదు రాస్తున్నాం. ప్రతీకాత్మక దత్తత మీద మాకు అభ్యంతరం లేదు. ఒక జంతువు పేరు మీద ఇచ్చే డబ్బు ఆ జాతి మొత్తానికీ, అది తిరిగే అడవికీ ఖర్చవుతుంది. ఆ సంగతి ముందే చెప్పి తీసుకుంటే అది మంచి పద్ధతే. మీరు మాత్రం పెట్టె మీద ‘ఈ పులి మీ ఒక్కరిదే’ అని పెద్దగా అచ్చువేసి, ‘ప్రతీకాత్మకం’ అన్న మాటను నిబంధనల కాగితం అడుగున సన్న అక్షరాల్లో పెట్టారు. మిగతా తప్పులన్నీ దీన్నుంచి పుట్టినవే.

ముందుగా ఫొటోలు. దత్తత పత్రం మీది ఫొటోనూ, ఆ తర్వాత ‘మీ పులి తాజా సమాచారం’ అంటూ పంపిన ఫొటోనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ కనిపించేది ఎడమ పక్కే. మొదటిదాంట్లో భుజం వెనక రెండు చారలు కిందికి దిగుతూ ఒకటిగా కలిశాయి. రెండోదాంట్లో అదే చోట మూడు చారలు దేనికవే పొట్టదాకా దిగాయి. పులి చారలు మన వేలిముద్రల్లాగే దేనికదే ప్రత్యేకం, వయసుతో మారవు. ఒకే పులికి కూడా ఎడమ పక్క, కుడి పక్క ఒకలా ఉండవు. అందుకే పులుల్ని లెక్కించేవాళ్లు దారికి అటొకటి ఇటొకటి కెమెరా ట్రాప్‌లు (జంతువు ఎదుటికి రాగానే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) బిగించి, రెండు పక్కలూ ఒకేసారి ఫొటోలో పడేలా చూస్తారు. ‘వెలుతురు తేడా వల్ల అలా కనిపిస్తోంది’ అన్న మీ ప్రతినిధి జవాబు నిలవదు. అవి రెండు వేరు వేరు పులులు.

రెండోది, మీ యాప్‌లోని ‘లైవ్ మ్యాప్’. వేర్వేరు పేర్లున్న రెండు పులుల కిట్లలో చుక్క ఒకే గీత మీద, ఒకే వేళకు కదులుతోంది. పులి ఎక్కడుందో తెలిపే మెడపట్టీ, అంటే రేడియో కాలర్, తొడగాలంటే పులికి మత్తుమందు ఇవ్వాలి, దాని ప్రాణానికి ఎంతో కొంత ప్రమాదం తప్పదు. కాబట్టి కొన్నిటికే తొడుగుతారు. బ్యాటరీ అయిపోతే ఆ కాలర్ పనిచేయదు. అన్నిటికన్నా ముఖ్యం, పులి ఈ క్షణాన ఎక్కడుందో బయటపెట్టడం వేటగాళ్లకు దారి చూపించడమే. మీ మ్యాప్ ఉత్తుత్తిదైతే మోసం, నిజమైతే అంతకన్నా ఘోరం. ఏదైనా సరే, దాన్ని వెంటనే తీసేయండి.

పత్రంలో ‘మీ డబ్బుతో ఈ పులికి ఆహారం, వైద్యం’ అని రాశారు. అడవి పులికి ఎవరూ మేత పెట్టరు. పెడితే అది మనుషుల దగ్గరికి రావడం మరుగుతుంది, చివరికి దాని ప్రాణం మీదికే వస్తుంది. ఒక పులి బతకడానికి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులు కావాలి. అంటే పులికి పెట్టే ఖర్చంతా నిజానికి జింకలకూ, వాటికి కావలసిన గడ్డికీ, నీటికీ పెట్టే ఖర్చే. అడవి పందుల కోసం పన్నిన తీగ ఉచ్చుల్లో పులులూ పడతాయి. ఆ ఉచ్చుల్ని వెతికి తీసే కాపలా సిబ్బంది జీతాలు, పశువులు పోగొట్టుకున్నవాళ్లకు పరిహారం, కెమెరాల బ్యాటరీలు – డబ్బు అవసరం ఇక్కడ. ఇదంతా ఉన్నదున్నట్టు రాస్తే కొనేవాళ్లు తగ్గరని మా నమ్మకం.

ఇక ‘లాభంలో కొంత భాగం సంరక్షణకు’ అన్న వాక్యం. బొమ్మ, పెట్టె, కొరియర్, ప్రకటనల ఖర్చు పోయాక మిగిలేదే లాభం. ఏమీ మిగల్లేదంటే అడవికి చేరేది సున్నా. ఒక్కో కిట్ అమ్మకం ధరలో ఎంత శాతం, ఏ సంస్థకు, ఏ పనికి వెళ్తోందో పెట్టె మీదే ఉండాలి. బొమ్మ వద్దన్నవాళ్లకు ఆ ఖర్చు కూడా సంరక్షణకే చేరే వీలుండాలి.

మీ కొత్త కిట్‌లో తెల్లపులిని ‘అంతరించిపోతున్న అరుదైన జాతి’ అన్నారు. తెల్లపులి వేరే జాతి కాదు, ఉపజాతి కూడా కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే అంతర్గత జన్యువు (ఒక్కరి నుంచే వస్తే బయటపడని జన్యువు) వస్తే బెంగాల్ పులికే ఆ రంగు వస్తుంది. అడవిలో చివరిగా తెలిసిన తెల్లపులిని 1958లో కాల్చి చంపారు. ఇప్పుడున్నవి జంతుప్రదర్శనశాలల్లో, ప్రైవేటు బోనుల్లో పుట్టినవి. వాటిలో చాలావాటి మూలం 1951లో మధ్యప్రదేశ్‌లోని రీవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే ఒక్క పులి. ఆ రంగు పోకుండా ఉండాలని దగ్గరి రక్తసంబంధంలోనే జత కట్టించడంతో పుట్టుక లోపాలు ముదిరాయి. మెల్లకన్నైతే ఆ రంగుతోపాటే వస్తుంది. ఆ కిట్‌కు వచ్చే డబ్బు సంరక్షణకు కాదు, ఆ పెంపకానికే ఊతం. దాని అమ్మకం ఆపేయండి.

మేం కోరేవి ఇవి. ‘ప్రతీకాత్మక దత్తత’ అన్న మాట పెట్టె ముందువైపు, పులి పేరంత పెద్ద అక్షరాల్లో వేయండి. ఒకే పులి పేరు మీద ఎంతోమంది దత్తత తీసుకోవచ్చని చెప్పండి, అందులో తప్పేమీ లేదు. ఏ పులి ఫొటో అయినా, అది తీసిన నెల, సంవత్సరం దాని కిందే వేయండి, చోటు మాత్రం వద్దు. పులి చనిపోతే ఆ మాటే తెలియజేయండి, ఇంకో పులి ఫొటోతో సరిపెట్టకండి. దత్తత గడువు ముగిశాక అడగకుండా ఖాతాలోంచి డబ్బు తీసుకోవడం మానండి. తప్పుడు ఫొటోలు అందుకున్నవాళ్లలో అడిగిన ప్రతి ఒక్కరికీ పూర్తి డబ్బు తిరిగివ్వండి.

సంరక్షణ డబ్బు అందుకునే మీ భాగస్వామి సంస్థ ఇచ్చిన రసీదుల నకళ్లతో 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే రెండు ఫొటోలు, మ్యాప్ స్క్రీన్‌షాట్లు జతచేసి వినియోగదారుల హక్కుల సంస్థకు ఫిర్యాదు చేస్తాం.

ఇట్లు,
పులి దత్తత కిట్ల కొనుగోలుదారులు

జతపరిచినవి: దత్తత పత్రం నకలు, రెండు ఫొటోలు, మ్యాప్ స్క్రీన్‌షాట్లు, కొనుగోలు రసీదులు.