ప్రసంగాలు కాదు, గెజిట్ చూడండి

సంపాదకుల వారికి,

ఎన్నికైన ప్రభుత్వాలే నిరంకుశ బాట పట్టడంపై చర్చంతా నాయకుల ప్రసంగాల చుట్టూనే తిరుగుతోంది. హంగరీలో అప్పటి ప్రధాని విక్టర్ ఓర్బన్ తాము కడుతున్నది ఉదారవాద రాజ్యం కాదని బాహాటంగా చెప్పింది 2014 జులైలో. అసలు పని అప్పటికే అయిపోయింది.

2010లో ఆయన కూటమికి దాదాపు 53 శాతం ఓట్లతో 386లో 263 సీట్లు వచ్చాయి. అక్కడున్నది ఒకటే సభ. మూడింట రెండొంతుల బలముంటే రాజ్యాంగాన్నే మార్చేయొచ్చు. రెఫరెండం లేకుండానే మార్చేశారు. సీట్లను 199కి కుదించారు, నియోజకవర్గాలను తిరగ్గీశారు, ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మళ్లీ జరిపే రెండో విడత పోలింగ్ ఎత్తేశారు. గెలిచిన అభ్యర్థికి అవసరానికి మించి పడిన ఓట్లనూ పార్టీ జాబితా (ఓట్ల నిష్పత్తిని బట్టి పార్టీలకు సీట్లు పంచే పట్టిక) ఖాతాలో కలిపారు. 2014లో ఓట్లు 45 శాతానికి తగ్గినా 133 సీట్లు దక్కాయి. మళ్లీ మూడింట రెండొంతులే!

అన్నిటికన్నా చప్పుడు లేకుండా జరిగింది జడ్జీల వ్యవహారం. 2012లో వారి పదవీ విరమణ వయసును 70 నుంచి ఒక్కసారిగా 62కి దించారు. చదివితే సర్వీసు రూల్స్ సవరణలా ఉంటుంది. ఇంటికి వెళ్లేది మాత్రం కోర్టులను నడిపే సీనియర్లు. సాధారణ పింఛను వయసుతో సమానం చేస్తున్నామన్నారు. ఆ వయసునేమో 2014 నుంచి దశలవారీగా 65కి పెంచాలని అప్పటికే నిర్ణయించుకున్నారు! ఐరోపా సమాఖ్య (ఈయూ) న్యాయస్థానం తప్పుపట్టింది 2012 నవంబరులో. చేతులు కాలాక ఆకులన్నట్టు, అప్పటికే చాలా కుర్చీల్లో కొత్తవారున్నారు.

2018లో పోలండ్ తన సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు ఇదే సూత్రం వాడింది, 70 నుంచి 65కి. ఈసారి ఐరోపా న్యాయస్థానం తుది తీర్పు దాకా ఆగకుండా అక్టోబరులోనే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. న్యాయమూర్తులు తిరిగి విధుల్లో చేరారు. ఆలస్యం చేయకపోవడమే తేడా.

మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్‌లో అంత వ్యవధీ లేదు. 2021 మే 1న కొత్త సభ తొలిరోజే రాజ్యాంగ ధర్మాసనంలోని ఐదుగురినీ, అటార్నీ జనరల్‌నూ తొలగించింది. కొత్త ధర్మాసనం సెప్టెంబరులో దేశాధ్యక్షుడు బుకేలే వరుసగా రెండోసారి పోటీ చేయొచ్చంది. ఆగస్టు నెలాఖరులో 60 ఏళ్లు దాటిన జడ్జీలను సాగనంపే చట్టమూ వచ్చింది.

ఇలాంటి సవరణలు విదేశీ వార్తల్లో రెండు వాక్యాలతో సరిపెట్టేవి కావు. మార్పు ఇకపై చేరేవారికా, ఇప్పుడు కుర్చీలో ఉన్నవారికా? ఎప్పటి నుంచి అమలు? ఖాళీలు నింపేదెవరు? వార్తలో ఈ మూడూ ఉండేలా మీ విలేకరులకు చెప్పగలరు.

– ఒక న్యాయశాస్త్ర అధ్యాపకుడు