‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ను పెద్దతెర మీద చూపించాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

స్టాన్లీ కూబ్రిక్ దర్శకత్వంలో 1964లో విడుదలైన ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ చిత్రాన్ని ఇటీవల సంతోష్‌నగర్‌లోని మా కాలనీ సంక్షేమ సంఘం హాల్లో ప్రొజెక్టర్ పెట్టుకుని కొందరం కలిసి చూశాము. అణుయుద్ధం మీద తీసిన నలుపు తెలుపు సినిమా ఇంతగా నవ్విస్తుందనీ, నవ్విస్తూనే ఒంట్లో వణుకు పుట్టిస్తుందనీ నేను ఊహించలేదు. ఆ సంతోషాన్ని మీ పాఠకులతో పంచుకోవాలనీ, నగరంలోని థియేటర్ల యజమానులకు ఒక విన్నపం చేయాలనీ ఈ లేఖ రాస్తున్నాను.

మతి చలించిన ఒక అమెరికన్ వైమానిక దళ జనరల్, దేశాధ్యక్షుడికి తెలియకుండా, సోవియట్ యూనియన్ మీద అణుబాంబులు వేయమని విమానాలకు ఆజ్ఞ ఇస్తాడు. తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడం శత్రువుల కుట్ర అని అతని గట్టి నమ్మకం. (నల్లగొండ బాధ ఎరిగిన మనకు ఆ మాట మరోలా వినిపించవచ్చు గాని, అక్కడ పళ్ల ఆరోగ్యం కోసం కొద్ది మోతాదులో కలిపేదాని గురించే ఆ గొడవంతా.) విమానాలను వెనక్కి పిలిచే సంకేతాన్ని ఎలాగో కనిపెట్టిన బ్రిటిష్ అధికారికి, అధ్యక్షుడితో మాట్లాడటానికి కాయిన్ ఫోను తప్ప దిక్కుండదు, తీరా చూస్తే జేబులో సరిపడా చిల్లర ఉండదు. పక్కనే ఉన్న కోకాకోలా యంత్రాన్ని తుపాకీతో పేల్చి నాణేలు తీయమని బతిమాలితే, అది ప్రైవేటు ఆస్తి కదా అని అక్కడి కర్నల్ వెనకాడతాడు. ఆ ఘట్టం నడుస్తుండగా మా ముందు వరసలోని ఒక పెద్దావిడ ఉండబట్టలేక, “అయ్యో, ఎవరైనా ఆ చిల్లర ఇవ్వండర్రా!” అని పైకే అనేశారు. హాలంతా నవ్వింది గాని ఆవిడ మాత్రం తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

‘దాన వీర శూర కర్ణ’లో ఎన్టీఆర్‌ను కృష్ణుడిగా, కర్ణుడిగా, దుర్యోధనుడిగా చూసి మురిసిన మనకు, ఇందులో పీటర్ సెల్లర్స్ వేసిన మూడు పాత్రలు పండగే. ఆ బ్రిటిష్ అధికారీ, అధ్యక్షుడూ, చక్రాల కుర్చీలోని శాస్త్రవేత్తా ఆయనే. నాజీ వందనం చేయడానికి దానంతటదే పైకి లేచే కుడిచేతిని ఆ శాస్త్రవేత్త ఎడమచేత్తో అణచిపెట్టుకునే తీరు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

పీటర్ జార్జ్ 1958లో రాసిన మూల నవలలో హాస్యం లేదు. కూబ్రిక్ కూడా మొదట గంభీరంగానే తీయాలనుకుని, స్క్రిప్టు రాస్తున్నకొద్దీ నవ్వు రప్పించే విషయాలే అసలు నిజాలుగా తోచడంతో దారి మార్చుకున్నారు. 1962 నాటి క్యూబా క్షిపణి సంక్షోభం ప్రజల మనసుల్లో ఇంకా పచ్చిగా ఉండగానే ఇలాంటి సినిమా తీయడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! యుద్ధం మీద నవ్వు మనకేమీ కొత్త కాదు, ఉత్తర కుమారుడి ప్రగల్భాలకు తరతరాలుగా నవ్వుకుంటూనే ఉన్నాము. అయితే పారిపోతున్న ఉత్తరుణ్ణి పట్టి తేవడానికి అక్కడ అర్జునుడున్నాడు. ఇక్కడ దూసుకుపోతున్న ఆఖరి విమానాన్ని వెనక్కి తేగలవాడు ఎవడూ లేడు.

మాకు కూతవేటు దూరంలోనే కంచన్‌బాగ్ క్షిపణి ప్రయోగశాలలు ఉన్నాయి. అక్కడ పనిచేసి రిటైరైన మా పొరుగాయన సినిమా అయ్యాక అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడారు. ఆయుధం ఎంత గొప్పదన్నది కాదు, ఆజ్ఞ ఇచ్చేవాడు దారి తప్పితే ఆపేవాడు ఎవరన్నదే ప్రశ్న అని ఆయన అన్నప్పుడు, అంతవరకు నవ్విన కుర్రాళ్లు కూడా కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

పాత తెలుగు చిత్రాల రీ-రిలీజులకు మన నగరంలో ఎంత సందడి జరుగుతోందో చూస్తున్నాము. గంటన్నర పైచిలుకు నిడివి గల ఈ చిత్రానికి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని ఏదో ఒక థియేటర్లో ఆదివారం ఉదయం ఆట కేటాయించడం కష్టం కాదు. అది కుదరకపోతే రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్లోనైనా ప్రదర్శించవచ్చు. ఎక్కడ వేసినా తెలుగు సబ్‌టైటిల్స్ తప్పక ఉండాలి. మా హాల్లో ఒక విద్యార్థి పక్కన నిలబడి మాటలు తెలుగులో చెబుతూ వచ్చాడు గనుక సరిపోయింది గాని, లేకుంటే పెద్దవాళ్లలో సగం మంది మధ్యలోనే లేచిపోయేవారు.

ఇట్లు,
ఒక సినీ ప్రేక్షకుడు,
సంతోష్‌నగర్, హైదరాబాద్.